ఉన్ని జిడ్డుతో కారుకు కాపుదల: నాలుగు చలికాలాల ఫ్లూయిడ్ ఫిల్మ్

అమెరికాలోని మిషిగన్‌లో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా, అది కురవకముందే ఉప్పునీరు చల్లుతారు, కురిశాక రాతి ఉప్పు గుమ్మరిస్తారు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉండగా ఇక కొరతేముంటుంది? విశాఖ సముద్రపు గాలికి కిటికీ ఊచలు తినివేయబడటం చూస్తూ పెరిగిన నాకు కూడా, ఐదేళ్ల కారు కింద బ్రేకు గొట్టాల మీద పొరలుగా లేచిన తుప్పు కనిపించినప్పుడు గుండె గుభేలుమంది.

అంతకు రెండేళ్ల ముందే ఒక షాపులో నల్లటి రబ్బరు పూత వేయించి నిశ్చింతగా ఉన్నాను. అంచు దగ్గర బీటలిచ్చిన చోట గోటితో గీకితే పెచ్చు ఊడివచ్చింది. దాని వెనుక ఇనుము ఎర్రగా, ఇంకా తడిగా ఉంది. గట్టిపడే పూతలతో వచ్చే చిక్కే ఇది: బీటలోంచి దూరిన ఉప్పునీటికి బయటికి దారి ఉండదు.

గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ అనే జిడ్డుతో తయారయ్యే తుప్పు నివారణ స్ప్రే ఫ్లూయిడ్ ఫిల్మ్ ఎండిపోదు; బండి ఇరుసుకు పెట్టిన కందెనలా జిడ్డుగానే ఉండి ఇనుముకు నీరు తగలనివ్వదు. ఏటా అక్టోబరులో కారు కింది భాగాన్ని కడిగి, పూర్తిగా ఆరనిచ్చాక దీన్ని కొడుతున్నాను. పైకి కనిపించే భాగాలకు మామూలు స్ప్రే డబ్బా చాలు కానీ, తలుపుల కింది రాకర్ ప్యానెళ్ల వంటి బోలు భాగాల లోపలికి పొడవాటి సన్నని గొట్టంతో కొట్టకపోతే సగం శ్రమ వృథా. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు. బ్రేకు డిస్కుల మీద, ప్యాడ్ల మీద చుక్క కూడా పడకూడదు.

వాసన సంగతి ముందే చెప్పాలి. వారం పది రోజులు గ్యారేజీ గొర్రెల దొడ్డిని తలపిస్తుంది, మా ఇంట్లో ఆ వారం నా మాటకు విలువ ఉండదు. నూనెకు తట్టుకోలేని రబ్బరు దీనివల్ల ఉబ్బుతుంది కనుక బుషింగుల (కీళ్ల దగ్గర కుదుపు తగ్గించే రబ్బరు ముక్కల) దగ్గర జాగ్రత్త పడాలి. చక్రాల గూళ్లలో పూత మార్చి నాటికే కొట్టుకుపోతుంది, అక్కడ నడి చలికాలంలో మరోసారి వేయక తప్పదు.

మొన్న ఏప్రిల్‌లో కారును లిఫ్టు మీదికి ఎక్కించి చూశాను. ఫ్రేము మీద వేలు పెడితే జిడ్డు అంటింది. పాత తుప్పు నల్లబడిందే తప్ప కొత్త పెచ్చు లేవలేదు. పోయిన ఇనుమును ఇది తిరిగి తేలేదు, బ్రేకు గొట్టాలు మార్పించక తప్పలేదు. పదేళ్లు నడపాలనుకునే కారుకైతే కొత్తగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. మూడేళ్లకు తిరిగి ఇచ్చేసే లీజు కారుకు ఈ తంటా అనవసరం.