సైబర్‌పంక్ 2077: కాలువ మొదట్లో ఒక మార్కు, శివారులో ఇంకో మార్కు

సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ముందు తిరిగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దేని మీద ఆడతారు? సమీక్షల మార్కులకి సగటు కట్టే మెటాక్రిటిక్ సైటులో పీసీ సమీక్షల సగటు 86. అదే కథ, అదే నగరం, అవే గొంతులు, పాత కన్సోళ్ళయిన పీఎస్4 మీద 57, ఎక్స్‌బాక్స్ వన్ మీద 61. మెషీన్ మారినందుకే ముప్పై మార్కుల దాకా పడిపోయిన పెద్ద ఆటలు చాలా అరుదు.

డెల్టా వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది, శివారు చేను మాత్రం నెర్రెలిస్తుంది. బ్యారేజీ దగ్గర నిలబడి నీళ్ళకి లోటు లేదన్నవాడూ అబద్ధం చెప్పలేదు, శివారు రైతూ అబద్ధం చెప్పడం లేదు. ఈ ఆట మీద వచ్చిన సమీక్షల్ని కూడా అలాగే చదవాలి. ఏ మెషీన్ మీద, ఏ ప్యాచ్ (కంపెనీ తర్వాత పంపే దిద్దుబాటు) మీద ఆడి రాశారో చెప్పని మార్కుని పక్కన పెట్టేయండి.

ఆట తయారుచేసింది పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్. 2012లో ప్రకటించి, మూడుసార్లు వాయిదా వేసి, 2020 డిసెంబరు 10న విడుదల చేశారు. సమీక్షలు మూడు రోజుల ముందే, డిసెంబరు 7న వచ్చాయి. అవన్నీ పీసీ మీద రాసినవే, ఎందుకంటే సమీక్షకులకి ముందుగా ఇచ్చింది పీసీ కాపీలే. సొంతంగా రికార్డు చేసిన వీడియో చూపించకూడదని, కంపెనీ ఇచ్చిన దృశ్యాలే వాడాలని షరతు కూడా పెట్టారు. పాత కన్సోల్ మీద ఆట ఎలా నడుస్తుందో డబ్బు కట్టినవాడికి విడుదల రోజు దాకా తెలిసే దారే లేదు. ఈ ఆట చరిత్రలో అన్నిటికంటే పెద్ద తప్పు ఇదే. బగ్గులు ఏ ఆటకైనా ఉంటాయి. కొనేవాడికి సరుకు చూపించకపోవడం వేరే సంగతి. వారం తిరిగేసరికి సోనీ తన స్టోరులోంచి ఆటని తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్ 21న.

పాత కన్సోల్ మీద అంత ఘోరంగా ఎందుకు నడిచిందో 2021 జనవరిలో కంపెనీయే వివరించింది. కథ జరిగే నగరం నైట్ సిటీ మొత్తం ఒకేసారి మెమరీలో పట్టదు. మీరు నడుస్తుంటే ముందున్న వీధి డిస్కులోంచి వస్తుంది, వెనకున్నది ఖాళీ అవుతుంది. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. ఆటని ముందు పీసీ కోసం బరువుగా కట్టి, తర్వాత పాత కన్సోల్‌కి దించారు. 2013 నాటి పీఎస్4లో ఉన్నది తిరిగే హార్డ్ డిస్కు. తూము చిన్నది, తడపాల్సిన చేను పెద్దది. కారులో గంటకి వంద మీద వెళ్తే ఏమయ్యేదో దగ్గరనుంచి చూడండి: ఎదురుగా వచ్చే కారు ముందు అట్టముక్కలా కనిపిస్తుంది, తర్వాత దానికి మొద్దు ఆకారం వస్తుంది, పక్కనుంచి దాటిపోయాక ఎప్పటికో అద్దాలూ చక్రాలూ తేలతాయి. గోడ మీది పోస్టరు అలికేసినట్టు ఉండి, మీరు ఆగి నిలబడితే నెమ్మదిగా అక్షరాలు పడతాయి. ఫుట్‌పాత్ మీద మనుషులు పలచబడిపోతారు. గ్రాఫిక్స్ తక్కువ పెట్టుకుంటే పోయే జబ్బు కాదిది, సరుకు రావాల్సిన దారే ఇరుకు.

స్ట్రీమింగ్‌తో సంబంధం లేని లోపాలు పీసీ వాళ్ళకీ తగిలాయి. సేవ్ ఫైలు 8 ఎంబీ దాటితే పాడైపోయేది. వస్తువులు ఎక్కువగా తయారుచేసి మూటగట్టుకున్నవాళ్ళ కష్టమంతా ఆ దెబ్బకి పోయింది. 1.06 హాట్‌ఫిక్స్‌తో అది తీరింది. నేరం చేసిన క్షణంలో పోలీసులు వీపు వెనక గాల్లోంచి పుట్టుకొచ్చేవాళ్ళు, కారెక్కి రెండు సందులు తిరిగితే మరిచిపోయేవాళ్ళు. బ్రెయిన్‌డాన్స్ అనే దృశ్యాల మొదట్లో వచ్చే వేగమైన వెలుగు మినుకుల వల్ల ఒక సమీక్షకురాలికి మూర్ఛ వచ్చింది. ఆమె బహిరంగంగా హెచ్చరించాక 1.04లో ఆ మినుకుల్ని మార్చారు. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వ్యాధి ఉంటే, మార్చిన తర్వాత కూడా జాగ్రత్తగానే ఉండండి.

ఇన్ని తిట్లు తిన్న ఆటకి పీసీ మీద 86 ఎలా నిలిచిందంటే, కారణం ఆటలో అప్పగించే పనుల (క్వెస్టుల) అల్లిక. మొదటి అంకంలో ‘ది పికప్’ అనే పని ఉంది. మీరు ఆడే పాత్ర పేరు వీ. డెక్స్ అనే దళారి వీనీ, స్నేహితుడు జాకీనీ ఒక పాత ఆహార కర్మాగారానికి పంపి, మెయిల్‌స్ట్రామ్ ముఠా దగ్గరున్న చిన్న రోబోని తెమ్మంటాడు. కళ్ళ స్థానంలో ఎర్ర లెన్సులు దిగేసుకున్న ముఠా నాయకుడు రాయిస్ మళ్ళీ డబ్బు కట్టమంటాడు. ఇక్కడ దారులు చీలతాయి. సొంత డబ్బు పది వేల ఎడ్డీలు కట్టి తెచ్చుకోవచ్చు. ముందే మిలిటెక్ కంపెనీ అధికారిణి మెరెడిత్ స్టౌట్‌ని కలిసి ఉంటే ఆవిడ ఇచ్చిన చిప్పుతో కట్టొచ్చు. అందులో వైరస్ ఉంది, దాన్ని ముందే తీసేయొచ్చు, ఉందని ముఠాకి చెప్పేయొచ్చు, చెప్పకుండా అంటించనూవచ్చు. మాటల మధ్యలోనే తుపాకీ తీసి రాయిస్‌ని పడేస్తే తర్వాత రావాల్సిన పెద్ద పోరు తప్పుతుంది. బయటికొచ్చే దారిలో బ్రిక్ అనే పాత నాయకుడు గదిలో బందీగా ఉంటాడు. అతన్ని విడిపిస్తే, ఎన్నో గంటల తర్వాత ఇంకో పనిలో అతనే ఎదురుపడి గొడవ లేకుండా పని జరగొచ్చు. కొట్టడం, దొంగతనంగా దూరడం, నెట్‌వర్క్ లోంచి దెబ్బతీయడం, మాటలతో నెగ్గడం, నాలుగూ ఒకే గదిలో పనిచేస్తాయి. సమీక్షకులు మెచ్చుకున్నది ఈ అల్లికనీ, జూడీ, పానామ్ లాంటి తోటి పాత్రల్నీ, కియాను రీవ్స్ గొంతిచ్చిన జానీ సిల్వర్‌హ్యాండ్‌నీ. ఈ మెప్పు ఏ మెషీన్ మీదైనా నిజమే.

ఆట మొదట్లో వీకి ఎంచుకునే కార్పో, నోమాడ్, స్ట్రీట్ కిడ్ అనే మూడు పుట్టుకలు మాత్రం ఇప్పటికీ పేరుకే. మొదటి అరగంట విడివిడిగా నడిచి తర్వాత మూడూ ఒకే రోడ్డెక్కుతాయి, సంభాషణల్లో అక్కడక్కడ ఒక అదనపు మాట మిగులుతుంది. అప్పట్లో పెట్టిన ఈ ఆక్షేపణకి ఏ ప్యాచూ జవాబు చెప్పలేదు.

2023 సెప్టెంబరు 21న వచ్చిన 2.0 ప్యాచ్ ఆటని లోపల్నుంచి తిరగరాసింది. పెర్కుల (పాత్ర నేర్చుకునే నైపుణ్యాల) చెట్లు కొత్తవి. ఇదివరకు బట్టలు మారిస్తే రక్షణ పెరిగేది, చూడ్డానికి వికారంగా ఉన్న టోపీ కూడా నెంబరు కోసం పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు రక్షణలో ఎక్కువ భాగం రిప్పర్‌డాక్ అనే వైద్యుడి దగ్గర ఒంట్లో పెట్టించుకునే యంత్ర భాగాల (సైబర్‌వేర్) నుంచే వస్తుంది, ఎంత పెట్టించుకోవచ్చో దానికి హద్దు కూడా ఉంది. మందులూ గ్రెనేడ్లూ మూటలకొద్దీ మోయడం పోయి, వాడాక నిండటానికి కాసేపు ఆగాలి. పోలీసులు కార్లలో వెంటపడతారు, కారు నడుపుతూనే కాల్చొచ్చు. అయిదు రోజులకే ఫాంటమ్ లిబర్టీ అనే విస్తరణ వచ్చింది. డాగ్‌టౌన్ అనే కొత్త పేటలో గూఢచారి కథ, ఇడ్రిస్ ఎల్బా నటన, మూలకథకి ఇంకో ముగింపు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ‘బెస్ట్ ఆన్‌గోయింగ్ గేమ్’ ఈ ఆటకే దక్కింది. కాబట్టి 2020 నాటి యుద్ధ పద్ధతి, పెర్కులు, పోలీసుల గురించి రాసిన పేరాలు ఇప్పుడు ఆటకి వర్తించవు. కథ గురించి రాసినవి వర్తిస్తాయి.

ఇక్కడో మెలిక. 2.0 గానీ ఫాంటమ్ లిబర్టీ గానీ పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకి రాలేదు. శివారుకి నీళ్ళు వదలడం అక్కడితో ఆపేశారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలో పాత పీఎస్4 చవగ్గా దొరుకుతోంది కదా అని ఈ ఆట కోసం కొంటే మీకొచ్చేది 1.6 నాటి ఆట. నెట్ పెట్టకుండా డిస్కులోంచే ఆడితే ఇంకా ఘోరం, విడుదల నాటి ఆటే వస్తుంది. పీఎస్4 డిస్కు చవగ్గా దొరికి, ఇంట్లో డిస్కు డ్రైవు ఉన్న పీఎస్5 ఉంటే మాత్రం తీసుకోవచ్చు, పీఎస్5 వెర్షన్ ఉచితంగా దిగుతుంది.

పీసీ విషయంలో లెక్క ఇలా ఉంది. 2020లో సిఫారసు చేసిన గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1060, 6 జీబీ. ఇప్పుడదే కనీస అవసరం. దాంతోపాటు కోర్ ఐ7-6700, 12 జీబీ ర్యామ్, 70 జీబీ ఎస్‌ఎస్‌డీ కావాలి. హార్డ్ డిస్కుని అధికారికంగానే వదిలేశారు. దీనికి వచ్చేది 1080పీలో తక్కువ సెట్టింగుల మీద సెకనుకి 30 ఫ్రేములు. హై సెట్టింగుల్లో 60 కావాలంటే ఆర్‌టీఎక్స్ 2060 సూపర్, ఐ7-12700, 16 జీబీ ర్యామ్ అని చెప్పారు. షాపుల్లో ‘గేమింగ్ పీసీ’ పేరుతో అమ్మే పాత ఆఫీసు మెషీన్లలో నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 4 జీబీ కార్డు ఉంటున్నాయి. వాటి మీద ఈ ఆట కొనకండి. ర్యామ్ 8 దగ్గర ఆగితే కార్డు ఎంత మంచిదైనా ఆటలోని కబుకీ సంతలోకి అడుగుపెట్టగానే ఆట ఎగిరెగిరి పడుతుంది.

1060 స్థాయి మెషీన్ ఉన్నవాళ్ళు ముందు ముట్టుకోవాల్సినవి మూడు: స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్స్ తగ్గించాలి, వాల్యుమెట్రిక్ ఫాగ్ తగ్గించాలి, బొమ్మని చిన్నగా గీసి తెరకి పెంచే ఎఫ్‌ఎస్‌ఆర్‌ని ‘క్వాలిటీ’లో పెట్టాలి. ఫ్రేములు నగరంలో పడిపోయి గదుల్లో బాగుంటే భారం ప్రాసెసర్ మీద పడుతున్నట్టు, అప్పుడు క్రౌడ్ డెన్సిటీ తగ్గించాలి. ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబరేషన్, మోషన్ బ్లర్ తీసేస్తే బొమ్మ తేటపడుతుంది. రోహిణి కార్తెలో కార్డు మరీ వేడెక్కుతుంటే గరిష్ఠ ఫ్రేములు 45 దగ్గర కట్టేయండి, ఫ్యాను మోత కూడా తగ్గుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాళ్ళు నల్లబడి మెషీన్ మధ్యలో ఆగిపోతుంటుంది. ఆట మీద నేరం మోపే ముందు స్విచ్ ఆపి, ర్యామ్ తీసి, రబ్బరుతో రుద్ది పెట్టి చూడాలి.

కరెంటు సంగతి. మామూలుగా అమ్మే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. 1060 మెషీన్‌కి సరిపోతుంది. 2060 సూపర్, 12700 కలిస్తే ఆట నడుమ ఆ హద్దు దాటొచ్చు. అప్పుడు కరెంటు పోయిన క్షణంలో యూపీఎస్ ఆదుకోకుండా తనే పడిపోతుంది. వాటికి 1000 వీఏ పెట్టుకోవాలి. సేవ్ రాస్తుండగా పోతే ఆ ఫైలు చెడుతుంది, కాబట్టి ఒకే సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాయకుండా నాలుగైదు విడిగా ఉంచుకోండి. క్విక్ సేవ్ ఎఫ్5. పోరు మధ్యలో సేవ్ కుదరదు, తలుపు తెరిచే ముందే నొక్కాలి.

దించుకోవడానికి 70 జీబీ. విస్తరణకీ, ప్యాచ్‌లు విప్పుకోవడానికీ కలిపి 120 జీబీ ఖాళీ ఉంచండి. 30 ఎంబీపీఎస్ లైను నిలకడగా ఉంటే అయిదు గంటల పైచిలుకు. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ఫోను డేటా మీద నలభై ఏడు రోజులు, కాబట్టి ఆ ఆలోచనే వద్దు. లంక గ్రామాల్లాగా లైను తెగుతూ ఉండే చోట జీఓజీ స్టోరులో కొనడం మేలు. అక్కడ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ చిన్న భాగాలుగా వస్తుంది, తెగితే ఆ భాగం ఒక్కటే మళ్ళీ దించుకోవచ్చు. మంచి లైనున్న చోట దించి పోర్టబుల్ డిస్కులో ఇంటికి తెచ్చుకోవచ్చు, ఆడటానికి నెట్ అక్కర్లేదు. స్టీమ్‌లో ప్యాచ్ మధ్యలో కరెంటు పోతే మొత్తం చెరిపేసి మళ్ళీ దించకండి, ఫైళ్ళ సరిచూపు పెడితే చెడినవి మాత్రమే దిగుతాయి.

తెలుగు గానీ హిందీ గానీ లేదు. ఇంగ్లీషు గబగబా, యాసతో మాట్లాడతారు, కాబట్టి సబ్‌టైటిళ్ళు పెట్టుకుని అక్షరాల సైజు పెంచుకోండి. ‘చూమ్’ అంటే నేస్తం, ‘ఎడ్డీలు’ డబ్బు, ‘గాంక్’ తెలివితక్కువవాడు, ఈ మూడూ తెలిస్తే సగం సంభాషణ దారిన పడుతుంది. ఆట పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకే. మెషీన్ హాల్లో ఉంటే సెట్టింగుల్లో న్యూడిటీ సెన్సార్ పెట్టుకోవచ్చు, కానీ నెత్తురూ బూతులూ దానితో తగ్గవు.

కొన్న వెంటనే కథ మొదలుపెట్టకండి. స్టీమ్‌లో డబ్బు వాపసు కావాలంటే కొన్న పద్నాలుగు రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటల్లోపు ఉండాలి. పాత్ర ముఖం దిద్దుకోవడంలోనే అరగంట పోతుంది. మెయిన్ మెనూ సెట్టింగుల్లో మెషీన్ వేగం కొలిచే బెంచ్‌మార్క్ ఉంది, ముందు అది నడపండి. సగటు ఫ్రేముల పక్కనే కనిష్ఠం కూడా చూపిస్తుంది, చూడాల్సింది కనిష్ఠమే. అది 25కి దిగిపోతే డాగ్‌టౌన్‌లో ఇంకా కిందికి పోతుంది. బాగుందనిపిస్తే స్ట్రీట్ కిడ్‌గా మొదలుపెట్టి, నగరం తెరుచుకోగానే కారెక్కి జనమున్న వీధుల్లో పది నిమిషాలు ఆగకుండా నడపండి. ఎదురొచ్చే కార్లకి చక్రాలు దూరం నుంచే కనిపిస్తున్నాయా, పోస్టర్ల మీద అక్షరాలు మీరు చేరేలోపే పడుతున్నాయా చూడండి. పడకపోతే రెండు గంటలు నిండకముందే వాపసు నొక్కేసి, ఆ డబ్బు ర్యామ్‌కో ఎస్‌ఎస్‌డీకో పెట్టండి. ఆట ధర సేల్ రోజుల్లో సగానికీ అంతకంటే కిందికీ ఎలాగూ దిగుతుంది.