భీమవరంలో టెక్నికల్ రైటింగ్ ఇంటర్న్‌షిప్: 5కి 3.5

అందరూ ముందు అడిగేది డబ్బు సంగతే గనక అదే ముందు చెప్పేస్తాను. నెలకి ఆరువేలు ఇస్తామన్నారు. మొదటి నెలది రెండో నెలాఖరుకి చేతికొచ్చింది. రెండో నెలది ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే "సోమవారం చూద్దామమ్మా" అంటారు. ఎన్ని సోమవారాలు పోయాయో లెక్కపెట్టడం మానేశాను. ఒకటిన్నర మార్కు అక్కడే కోసేశాను.

కంపెనీ పేరు రాయను. రొయ్యల చెరువులకి నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్ల (ఏరియేటర్ల) కరెంటు ప్యానెళ్లు, ఆక్సిజన్ మీటర్లు అమ్మే చిన్న సంస్థ, పదిహేను మంది ఉంటారు. నాది ఈసీఈ. రెండో ఏడాది అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి, దానికి క్రెడిట్లున్నాయి. మా బ్యాచ్‌లో సగం మంది డబ్బు కట్టి ఇంట్లో కూర్చునే సర్టిఫికెట్లు తెప్పించుకున్నారు. నేను మాత్రం ఎనిమిది వారాలు పాలకొల్లులో బస్సెక్కి వీరవాసరం మీదుగా వెళ్లొచ్చాను. సోల్డరింగ్ ఐరన్ చేతికిస్తారనుకున్నా. "తెలుగు బాగా రాస్తావా?" అని అడిగి, మీటరు తాలూకు ఇంగ్లీషు మాన్యువల్ ఇచ్చారు. దాన్ని రైతులకి పనికొచ్చేలా పన్నెండు పేజీల తెలుగులోకి దింపాలి.

మొదటి వారం నేను రాసింది చూస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది. "ఉపకరణమును తెరుచుటకు పూర్వము విద్యుత్ సరఫరాను నిలిపివేయవలెను." టెన్త్‌లో తెలుగుకి 96 వచ్చిన పొగరు అది. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో మాకు నేర్పే మేడమ్ అదంతా చదివి ఒకే మాట అడిగారు: "ఇది ఎవరు, ఏ టైములో, ఏ వెలుతురులో చదువుతారు?" నా దగ్గర జవాబు లేదు. వెళ్లి చూసి రమ్మన్నారు.

కాళ్ళ మండలంలో ఉప్పుటేరుకి దగ్గర్లో ఒక వనామీ రొయ్యల చెరువు. తెల్లవారుజామున నాలుగింటికి నాన్న బండి మీద దింపి, గట్టు మీదే కూర్చున్నారు. ఆ టైమే ఎందుకంటే, పగలు ఎండకి నీళ్లలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదీ పీల్చుకుంటుంది. అందుకని తెల్లారేలోపే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. 4 పీపీఎం కంటే దిగితే కాపలా మనిషి పరుగున వెళ్లి మిగతా ఫ్యాన్లు కూడా వెయ్యాలి. అంటే మా మాన్యువల్ తెరిచేది చీకట్లో, తడి చేతులతో, నోట్లో సెల్ టార్చి పెట్టుకుని.

అక్కడి బాబాయ్ నా పేజీ తీసుకుని "ఏంటమ్మాయ్ ఇది, కోర్టు కాయితంలాగుంది" అన్నాడు. అయినా ఓపిగ్గా ఒక్కో అంకె చదువుతూ చేశాడు. మూడోది: ప్రోబును (నీళ్లలో పెట్టే మీటరు కొనని) నీటిలో ముంచండి. ముంచాడు. నాలుగోది: ముంచే ముందు ప్రోబుకున్న రక్షణ మూత తీయండి. మూతతోనే మునిగిన ప్రోబు వంక చూసి, నా వంక చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ పూట నేర్చుకున్నది మా కాలేజీలో ఏ సబ్జెక్టులోనూ రాదు. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, వద్దనే మాట అంతకంటే చివర్న. "మెయిన్ స్విచ్ ఆపకుండా ప్యానెల్ తలుపు తెరవకండి" అని రాశాననుకోండి. చీకట్లో చదివేవాడు "తలుపు తెరవ" దాకా వచ్చేసరికే చెయ్యి హ్యాండిల్ మీద ఉంటుంది. తెరవండికీ తెరవకండికీ తేడా ఒక్క 'క'. లోపల త్రీ ఫేజ్ కరెంటు. అందుకే దాన్ని విరిచేశాం: "ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఆ తర్వాతే తలుపు తెరవండి." విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం పుట్టిన ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే ఇంగ్లీషు నియమావళిలో ఒక సూచన 20 పదాలు దాటకూడదట. మనకి అది కూడా ఎక్కువే. ఇంగ్లీషువాళ్లు నాలుగు ముక్కల్లో చెప్పేది మనం ఒక్క మాటకే అతికించేస్తాం. పది దాటితే బాబాయ్ మళ్లీ మొదటికెళ్లి చదివేవాడు, అందుకని మా లెక్క పది.

పదాలూ అంతే. క్రమాంకనం అని రాస్తే "మీటరు సరిచూడ్డమా?" అన్నాడు. అదే ఉంచేశాను. లవణీయత కాస్తా ఉప్పు అయింది. ఈ ఉప్పు సంగతి ఇంగ్లీషు మాన్యువల్‌లో ఎక్కడో వెనక పేజీల్లో ఉంది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. ఉప్పెంతో మీటరుకి చెప్పకుండా సున్నా దగ్గరే వదిలేస్తే, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రైతు బాగానే ఉందనుకుని పడుకుంటాడు. దాన్ని రెండో పేజీలోకి తేవడానికి ఇంజినీరు గారితో వారం రోజులు వాదించాను. ఈ ఎనిమిది వారాల్లో గర్వంగా చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

ఇక ఆఫీసు. మాన్యువల్ రాయడానికి మార్క్‌డౌన్, ఏ ఫైలు ఎప్పుడు మారిందో గుర్తుపెట్టే గిట్ నేర్పుతామన్నారు, యూట్యూబ్ చూసి నేనే నేర్చుకున్నాను. అక్కడ ఫైళ్లు తిరిగేది వాట్సాప్‌లో: ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ కొత్తది 2. ఐదొందల కాపీలు అచ్చయ్యాక ఎవరో తాపీగా చెప్పారు, 'సెట్' బటన్ పేరు 'మోడ్' అని మార్చేశామని. రెండు రోజులు కూర్చుని స్టిక్కర్లు అతికించాను. పుస్తకం వెనక నా పేరు వేస్తామన్న మాట కూడా ఆ స్టిక్కర్ల కిందే పోయినట్టుంది.

చివరి వారం మళ్లీ ఆ చెరువుకి వెళ్తే, నా మాన్యువల్‌లో మొదటి రెండు పేజీలు చింపి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, స్టార్టర్ పెట్టె తలుపుకి తాడుతో కట్టి ఉన్నాయి. మిగతా పది పేజీలేవి బాబాయ్ అంటే, నవ్వి టీ గ్లాసు చేతిలో పెట్టాడు.

చేరాలనుకుంటే మీ సొంత లాప్‌టాపే తీసుకెళ్లండి, వాళ్లివ్వరు. క్యారేజీ కట్టుకోండి, దగ్గర్లో మంచి మెస్ లేదు. చెరువు మీదకి తీసుకెళ్తారా అని మొదటి రోజే అడగండి. స్టైపెండ్ ఏ తారీఖున ఇస్తారో మాత్రం కాయితం మీద రాయించుకోండి, అదీ పది పదాల్లోపే.