పొక్లెయిన్‌కి జె1939 రీడర్: కొన్ని వానాకాలాలు వాడాక

చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో పొక్లెయిన్ల ఎలక్ట్రికల్ పనులు చేస్తుంటాను. మెషిన్‌లోని కంట్రోలర్లు రెండు వైర్ల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి జె1939. ఆ కోడ్లు చదివే చిన్న రీడర్ ఒకటి కొన్ని వానాకాలాలుగా నా బ్యాగులో ఉంది. కంపెనీ పేరు రాయడం లేదు, అదే పెట్టె నాలుగైదు స్టిక్కర్లతో దొరుకుతోంది. కొనొచ్చా అని అడిగేవాళ్లకి నా జవాబు: కొనొచ్చు, కానీ మంచి మల్టీమీటర్ కొన్నాకే.

కమ్యూనికేషన్ ఫాల్ట్ ఎప్పుడూ ఆ పేరుతో మన దగ్గరికి రాదు. ఆపరేటర్ ఫోన్ చేసి "ఇంజిన్ రేస్ అవ్వట్లేదన్నా, బూమ్ లేవట్లేదు, పంపు పోయినట్టుంది" అంటాడు. లోపల జరిగేది వేరు. ఇంజిన్ స్పీడ్ డయల్ ఎంత తిప్పినా ఆ సంగతి ఇంజిన్ కంట్రోలర్‌కి (ఈసీఎం) చేరదు. ఇంజిన్ ఎంత ఆర్‌పీఎం మీద తిరుగుతోందో పంపు కంట్రోలర్‌కి తెలియదు. తెలియనప్పుడు ఇంజిన్ ఆగిపోకూడదని అది పంపు లోడ్ తగ్గించేస్తుంది. బయటినుంచి చూస్తే అచ్చం హైడ్రాలిక్ జబ్బే. మానిటర్‌లో కోడ్ కూడా చూడకుండా పంపు దింపేసిన సైట్లు నాకు తెలుసు. ఆ బిల్లు లక్షల్లో ఉంటుంది.

ఇక్కడే రీడర్ పనికొస్తుంది. తొమ్మిది పిన్నుల కప్లర్‌కి తగిలించి కీ ఆన్ చేస్తే లైన్ మీద ఏ ఏ కంట్రోలర్లు మాట్లాడుతున్నాయో అడ్రసులతో సహా చూపిస్తుంది. ఇంజిన్ అడ్రస్ 0. అది లిస్టులో లేకపోతే సగం పని అయిపోయినట్టే. యాక్టివ్ కోడ్లు, పాత కోడ్లు, ఒక్కో కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో కూడా ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోకుండా క్లియర్ నొక్కొద్దు. మధ్యాహ్నం వేడెక్కితేనే వచ్చే ఫాల్ట్‌కి ఆ లెక్కే సాక్ష్యం.

కోడ్ చదవడంలో చాలామంది తడబడేది ఎఫ్ఎంఐ (ఫాల్ట్ ఏ రకమో చెప్పే నంబర్) 9 దగ్గర. రావాల్సిన మెసేజ్ టైముకి రాలేదని దాని అర్థం. ఆ కోడ్ పెట్టేది మెసేజ్ కోసం ఎదురుచూసిన కంట్రోలర్, పంపడం మానేసింది కాదు. స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చినవాడినే లోపలేసినట్టు, కోడ్ పెట్టిన కంట్రోలర్‌నే మార్చేస్తుంటారు. మానిటర్, ఇంజిన్ రెండూ పంపు కంట్రోలర్ మీదే కంప్లయింట్ ఇస్తుంటే వెళ్లాల్సింది పంపు కంట్రోలర్ దగ్గరికి. అక్కడికి వెళ్లాక కూడా ముందు చూడాల్సింది క్యాన్ వైర్లు (కంట్రోలర్లు మాట్లాడుకునే ఆ రెండు వైర్లు) కాదు, దానికి 24 వోల్టులు, ఎర్త్ సరిగా అందుతున్నాయా లేదా అన్నది. మీటర్ పెడితే తుప్పు పట్టిన ఫ్యూజ్ హోల్డర్ కూడా 24 చూపిస్తుంది. అందుకే హెడ్‌లైట్ బల్బు ఒకటి లోడుగా పెట్టి చూస్తాను. బల్బు మసగ్గా వెలిగితే ఫాల్ట్ ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

రీడర్ చెప్పలేనిది వైరు సంగతి. అందుకే మీటర్ ముందు అన్నాను. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ కట్ ఆఫ్ తీసి, కాసేపు ఆగి, కప్లర్‌లో సీ (క్యాన్ హై), డీ (క్యాన్ లో) పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవాలి. లైన్‌కి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది కాబట్టి 60 రావాలి. 120 వస్తే మెయిన్ లైన్ ఎక్కడో తెగింది, లేదా ఒక చివర రెసిస్టర్ పోయింది. సున్నా దగ్గరికొస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. 60 వచ్చింది కదా అని మీటర్ లోపల పెట్టేయకండి. మెయిన్ లైన్ నుంచి ఒక కంట్రోలర్‌కి వెళ్లే చిన్న కొమ్మ తెగితే కూడా మీటర్ 60 అనే అంటుంది, ఆ కంట్రోలర్ ఒక్కటే కనిపించకుండా పోతుంది. ఒక వైరు బాడీకి తగులుతున్నా 60 రావచ్చు, కాబట్టి సీ, డీ రెండింటినీ ఛాసిస్‌కి విడివిడిగా చూడాలి.

తర్వాత కీ ఆన్ చేసి వోల్టేజీ. ఛాసిస్‌కి హై వైరు 2.5 కంటే కాస్త పైన, లో వైరు కాస్త కింద ఉండాలి, రెండూ కలిపితే 5 దగ్గర్లో రావాలి. మీటర్‌ని మిన్-మాక్స్‌లో (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగ్ పట్టి ఉంచే మోడ్) పెట్టి వైరింగ్ ఊపుతూ పోతే దొంగ దొరుకుతాడు. క్యాబిన్ ఫ్లోర్ కింద వైరు లోపలికి దూరే చోట, సీటు వెనక కంట్రోలర్ కప్లర్లు, బ్యాటరీ బాక్స్ పక్క ఎర్త్: నేను మొదట చూసేవి ఇవి. ప్రెషర్ వాటర్‌తో కడిగిన మర్నాడే ఫాల్ట్ వచ్చిందంటే కప్లర్ విప్పి పిన్నుల మీద పచ్చగా ఉందేమో చూడండి. బకెట్ పళ్లకి వెల్డింగ్ చేసేటప్పుడు కట్ ఆఫ్ తీయని సైట్లలో ఏకంగా కంట్రోలరే పోతుంది. దీని గురించి ఎంత చెప్పినా వినరు.

రీడర్, మీటర్ రెండూ కలిసి పనిచేసిన కేసు ఒకటి చెప్తాను. 20 టన్నుల మెషిన్, పొద్దున బాగానే నడుస్తుంది, ఎండెక్కాక ఇంజిన్ స్లో అయిపోతుంది. ఓనర్ అప్పటికే పంపుకి కొటేషన్ తెప్పించుకున్నాడు. రీడర్‌లో ఇంజిన్ స్పీడ్ ఆగి ఆగి వస్తోంది. మీటర్ పెడితే 40 ఓమ్‌లు. 120లు మూడు పక్కపక్కన ఉంటేనే 40 వస్తుంది. రెండే ఉండాల్సిన చోట మూడోది ఎక్కడిది? సీటు కింద టేపు చుట్టిన అతుకు దొరికింది. ఫైనాన్స్ వాళ్లు బిగించిన ట్రాకర్, లోపలే రెసిస్టర్ ఉన్న రకం, వైర్లు ఒలిచి మెలేసి వదిలేశారు. 40తో కూడా మెషిన్ నడుస్తుంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. వేడికి అతుకు వదులైనప్పుడల్లా మెసేజ్‌లు పోతున్నాయి. ట్రాకర్ తీసి, అతుకు సోల్డర్ చేసి స్లీవ్ వేశాక 60 వచ్చింది. కొటేషన్ చెత్తబుట్టలోకి వెళ్లింది.

ఇక రీడర్ లోపాలు. ఎండలో స్క్రీన్ కనిపించదు, మే నెలలో క్వారీలో తలమీద తువ్వాలు కప్పుకుని చూడాల్సిందే. కేబుల్ కప్లర్ దగ్గర మెడ విరిగింది, కొత్తది వేయించాను. పంపు కంట్రోలర్ తన సొంత మెసేజ్‌లు పంపితే వట్టి అంకెలే కనిపిస్తాయి, వాటి అర్థం తెలియాలంటే క్యాట్ ఈటీ, డాక్టర్ జెడ్‌ఎక్స్ లాంటి కంపెనీ టూలే దిక్కు. కంట్రోలర్ మార్చాక చేసే క్యాలిబ్రేషన్ కూడా దీనివల్ల కాదు. కొన్ని మెషిన్లకి తొమ్మిది పిన్నుల కప్లరే ఉండదు, అడాప్టర్ వేరేగా కొనాలి.

కొనేటప్పుడు రెండు చూసుకోండి. ఒకటి, ప్లగ్ ఆకుపచ్చ రకం అయి ఉండాలి. నల్లది 250 కేబీపీఎస్ (మెసేజ్‌లు వెళ్లే స్పీడ్) లైన్‌కి, 500 నడిచే కొత్త మెషిన్ల ఆకుపచ్చ సాకెట్లో అది దూరదు. ఆకుపచ్చ ప్లగ్ రెండింటిలోనూ పడుతుంది. రెండు, వినడం మాత్రమే చేసే మోడ్ ఉండాలి. స్పీడ్ తప్పుగా పెట్టిన రీడర్ లైన్ మీద మాట్లాడబోతే బాగున్న కంట్రోలర్లకి కూడా ఎర్రర్లు తెప్పిస్తుంది.

ఒక్క మెషిన్ ఉన్న ఓనర్‌కి ఇది అక్కర్లేదు, మీటర్, బల్బు, ఓపిక ఉన్న ఎలక్ట్రీషియన్ చాలు. నాలాగా సైట్లు తిరిగేవాళ్లకి మాత్రం ఖర్చు తిరిగొస్తుంది. నేను తర్వాత కొనబోయేది రెండు చానెళ్ల బ్యాటరీ స్కోప్, వోల్టేజీని స్క్రీన్ మీద గీతలుగా చూపించేది. హై, లో వైర్ల గీతలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా కదలాలి, ఒకటి కదలకుండా పడుంటే ఏ వైరు పోయిందో మీటర్ కంటే తొందరగా తెలుస్తుంది.