ఎనిమిదేళ్లు ఉద్యోగాలు వెతికాక: మన డెల్టాలో ఏది ఎక్కడ దొరుకుతుంది

2017లో బీఎస్సీ మైక్రోబయాలజీ పాసయ్యాను. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. అప్పటి నుంచి నాకు, తమ్ముడికి, పెళ్లయ్యాక మా మరిదికి, మధ్యలో రాజోలు పిన్నికి, ఇలా నలుగురికి ఉద్యోగాలు వెతికే పని నా మీదే పడింది. జాబ్ సైట్లు, టెలిగ్రామ్ ఛానెళ్లు, గవర్నమెంటు పోర్టళ్లు, జాబ్ మేళాలు, ఏజెంట్లు, చివరికి చెరువు గట్టు మీద మాటలు, అన్నీ అయ్యాయి. ఎవరో ఒకరు నెలకోసారైనా "అక్కా, ఎక్కడ చూడాలి?" అని అడుగుతుంటే విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు జాబ్ సైటు. అందరూ వాడే పెద్ద సైటులోనే నేనూ ప్రొఫైల్ పెట్టాను. కావలసిన ఊరు దగ్గర భీమవరం, కాకినాడ అని రాసినంతకాలం రెండు నెలలైనా ఫోన్ మోగలేదు. హైదరాబాద్ అని మార్చిన వారంలోనే నాలుగు కాల్స్ వచ్చాయి. రోజూ పొద్దున్నే ప్రొఫైల్‌లో ఒక లైను అటూ ఇటూ మార్చి సేవ్ చేసేదాన్ని, ఎందుకంటే కంపెనీలవాళ్లు వెతికినప్పుడు కొత్తగా అప్‌డేట్ చేసిన ప్రొఫైళ్లు పైకి వస్తాయి. అలా వచ్చిందే హైదరాబాద్ జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్యూసీ మైక్రో ఉద్యోగం, అంటే మందుల నాణ్యత కోసం సూక్ష్మజీవుల పరీక్షలు చేసే పని. జీతం 14 వేలు, హాస్టల్‌కి, తిండికి 6 వేలు పోయేవి, అయినా పని నేర్చుకున్నాను, దానికి ఇప్పటికీ కృతజ్ఞత ఉంది. కాబట్టి సిటీకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి జాబ్ సైటు నిజంగా పనికొస్తుంది. ఇంటి దగ్గరే ఉండి చేసుకుంటామంటే మాత్రం నెలల తరబడి దాన్నే చూస్తూ కూర్చోకండి.

ఆ రోజుల్లోనే ఒకాయన ఫోన్ చేసి నా రెజ్యూమేలో ఉన్నవన్నీ గడగడా చదివి, సెలెక్ట్ అయ్యారు, డాక్యుమెంట్ వెరిఫికేషన్‌కి 1,850 కట్టండి, జాయిన్ అయ్యాక తిరిగి ఇస్తాం అన్నాడు. కట్టాను. మర్నాటి నుంచి ఆ నంబరు పనిచేయలేదు. అప్పట్లో ఎవరికి చెప్పాలో కూడా తెలీదు. ఇప్పుడైతే 1930కి ఫోన్ చేయొచ్చు, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు, మన దగ్గర ఫీజు తీసుకోడు అని మా తమ్ముడికి వందసార్లు చెప్పి ఉంటాను.

నాన్నగారికి ఒంట్లో బాగోక 2019లో వెనక్కి వచ్చేశాక అసలు విషయం తెలిసింది. భీమవరం, ఉండి, పాలకొల్లు చుట్టుపక్కల ఎన్ని ఆక్వా ల్యాబులు, ఎన్ని మేత కంపెనీలు, ఎన్ని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయో మీకు తెలుసు. వాటిలో ఖాళీలు నాకు ఏ సైటులోనూ కనపడలేదు. నాకు కనిపించింది మేతల షాపులో. నాన్నగారు చెరువు నీళ్ల శాంపిల్ ఇచ్చి రమ్మంటే ల్యాబుకి వెళ్లాను, అక్కడ పీసీఆర్ (రోగక్రిమి ఉందో లేదో చూసే పరీక్ష) చేసే అమ్మాయి పెళ్లై మానేస్తోందని షాపు బాబాయ్ గారు మాటల్లో అన్నారు. ఆ సాయంత్రమే రెజ్యూమే ప్రింటు తీసుకుని వెళ్లాను, సోమవారం నుంచి రమ్మన్నారు. చెరువులో వదిలే రొయ్య పిల్లలో తెల్లమచ్చ వైరస్ ఉందా, ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి ఉందా చూడటం, నీళ్లలో అమ్మోనియా, ఆల్కలినిటీ చూడటం, ఇదే పని. జీడిమెట్లలో నేర్చుకున్నది ఇక్కడ అక్షరాలా అక్కరకొచ్చింది. రెండేళ్ల తర్వాత రొయ్యల ప్లాంటులో క్యూసీకి వెళ్లాను, అదీ ల్యాబుకి శాంపిల్ తెచ్చే టెక్నీషియన్ చెబితేనే.

అంటే తెలిసినవాళ్లు ఉంటేనే వస్తుందా అని అడుగుతారు. అలా కాదు. ఇక్కడ ఖాళీ అయిన రోజు నుంచి నిండే రోజుకి మధ్య వారం కూడా ఉండదు, ఆ వారంలో మనం వాళ్ల కళ్ల ముందు ఉండాలి, అంతే. నాకు ఆ షాపు బాబాయ్ గారు చుట్టం కాదు, మా చెరువుకి మేత అక్కడ కొంటాం, అంతవరకే పరిచయం.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల సంగతి చెప్పాలి, మనవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. ఒక దశలో పదకొండు గ్రూపుల్లో ఉన్నాను. మా మరిది పదోతరగతిలో మంచి మార్కులున్నవాడు, పోస్టాఫీసు జీడీఎస్ (గ్రామీణ్ డాక్ సేవక్) ఉద్యోగానికి చక్కగా సరిపోతాడు, పరీక్ష లేదు, పదో తరగతి మార్కుల మెరిట్ మీదే తీసుకుంటారు. ఆ నోటిఫికేషన్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేసేసరికి గడువు దాటి రెండు రోజులైంది. ఆ పోస్టు నిజమే, తేదీ మాత్రం లేదు. ఆ రోజు వాడి ముఖం చూసి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి గ్రూపులన్నీ మ్యూట్‌లో పెట్టి, ప్రతి సోమవారం అసలు సైట్లే తెరిచి చూస్తున్నాను: తపాలా శాఖ జీడీఎస్ సైటు, ఏపీపీఎస్సీ, రైల్వే ఆర్‌ఆర్‌బీ, కేంద్ర ఉద్యోగాల స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ). నాలుగింటికీ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. తర్వాతి సారి మొదటి రోజే అప్లై చేశాం. ఫీజు 100 రూపాయలు, ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి అదీ లేదు. డివిజన్ ఎంచుకునేటప్పుడు మా దగ్గరని భీమవరం ఒక్కటే చూడకుండా ఏ ఊళ్లలో ఎన్ని ఖాళీలున్నాయో మొత్తం జాబితా చదివాం. వాడికి ఏబీపీఎం (అసిస్టెంట్ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్) వచ్చింది, మొదలు 10 వేలు, దాని మీద డీఏ. జీతం తక్కువే, పని రోజుకి నాలుగైదు గంటలు కాబట్టి మధ్యాహ్నం తర్వాత కొబ్బరి పని చూసుకుంటున్నాడు.

2019 గ్రామ, వార్డు సచివాలయం పరీక్ష నేనూ రాశాను. దగ్గర దగ్గర లక్షా 26 వేల పోస్టులు, రాసిన జనమూ లక్షల్లోనే. రాలేదు. అంత పెద్ద నోటిఫికేషన్ మళ్లీ వస్తుందని ఏళ్ల తరబడి కోచింగుల్లో ఉన్నవాళ్లని చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. పరీక్షలకి చదవండి, పక్కన ఏదో ఒక పని చేస్తూ చదవండి.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు ఉంచుకోండి, మూడేళ్లకోసారి రెన్యూవల్ మర్చిపోకండి, అంతకు మించి ఎదురు చూడకండి. 1959 నాటి చట్టం ఖాళీలు తెలియజేయమందే తప్ప అక్కడి నుంచే తీసుకోమనలేదు. కేంద్రం 2015లో పెట్టిన ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్ ఉచితమే, జాబ్ మేళాల తేదీలు అందులో చూస్తుంటాను. మేళాకి వెళ్లేముందు ఏ కంపెనీలు వస్తున్నాయో, పని ఏ ఊళ్లోనో ఫోన్ చేసి కనుక్కోండి.

తమ్ముడిది ఐటీఐ ఫిట్టర్. వాడి విషయంలో ఎక్కువ పనికొచ్చింది అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్. డిప్లొమా, డిగ్రీ వాళ్లకైతే ఎన్‌ఏటీఎస్ అని వేరే అప్రెంటిస్ పోర్టల్ ఉంది. మనకి రాజమండ్రిలో, కాకినాడలో ఓఎన్‌జీసీ ఉంది, వాళ్లు అప్రెంటిస్‌లని మార్కుల మీదే తీసుకుంటారు, స్టైపెండ్ ఇస్తారు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇస్తామన్న హామీ లేదు, అది ముందే తెలుసుకుని వెళ్లాలి. తమ్ముడు ఒక ఏడాది అప్రెంటిస్ చేసి, ఆ సర్టిఫికెట్ చూపించే కాకినాడ వైపు ఒక ఎరువుల ఫ్యాక్టరీలో చేరాడు.

ఇక పిన్ని. కోనసీమలో కువైట్, మస్కట్ వెళ్లొచ్చినవాళ్లు లేని వీధి ఉండదు. పిన్ని పది పాసవ్వలేదు, కాబట్టి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే గల్ఫ్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పక్క ఊరి సబ్ ఏజెంటు ఇంటికొచ్చి, "ఏం పర్లేదమ్మా, విజిట్ వీసా మీద మస్కట్ వెళ్లిపోండి, అక్కడ మార్పించేస్తాం, ఆయ్" అని 60 వేలు అడిగాడు. ఆ రాత్రి కేంద్ర ప్రభుత్వం ఈమైగ్రేట్ సైటులో రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా మొత్తం వెతికాను. అతని పేరు లేదు. నిబంధన ప్రకారం రిజిస్టర్ అయిన ఏజెంటైనా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకంటే తీసుకోకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. విజిట్ వీసా మీద వెళ్తే ఈ రక్షణ ఏదీ ఉండదు, జీతం ఇవ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా అడిగే కాగితం చేతిలో ఉండదు. ఇవన్నీ చెబితే పిన్నికి నా మీద కోపం వచ్చింది, రెండు నెలలు మాట్లాడలేదు. "నా అప్పులు నువ్వు తీరుస్తావా?" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు పిన్ని మా ఊళ్లో ఇల్లు తీసుకుని మా ప్లాంటులోనే పీలింగ్ షెడ్డుకి వస్తోంది, కిలో లెక్కన కూలి. అప్పు ఇంకా తీరలేదు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా దగ్గర ఓవర్‌టైం ఆగిపోయింది, కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు. అప్పుడు పాత ప్రొఫైల్ మళ్లీ తెరిచాను, ఈసారి విశాఖ, హైదరాబాద్ రెండూ పెట్టి ఉంచాను, రోజూ అప్‌డేట్ చేస్తున్నాను. ఉద్యోగం ఉన్నా చేస్తున్నాను.

బీఎస్సీ చేసి ఇక్కడే ప్లాంటులో క్యూసీకి రావాలనుకునే ఆడపిల్లలు ఏప్రిల్‌లో రండి, ఎండాకాలం రొయ్యల పంట పట్టుబడి మొదలయ్యేలోపు. అప్పుడే మనుషులు కావాలి. హెచ్‌ఏసీసీపీ (ఆహార భద్రత పద్ధతి) శిక్షణ సర్టిఫికెట్ ఉంటే రెజ్యూమే పైన పెట్టండి. గేటు దగ్గర సెక్యూరిటీకి రెజ్యూమే ఇచ్చి వెళ్లిపోకండి, క్యూసీ ఇన్‌చార్జి గారిని కలవాలని అడగండి. షిఫ్టు మారే టైముకి కాకుండా పదకొండు గంటలప్పుడు వస్తే ఆయనకి మాట్లాడే తీరిక ఉంటుంది.