అద్దె గౌన్ల సర్వీసు, రెండేళ్ల వాడకం తర్వాత: బట్ట గట్టిదే, కఫ్ దగ్గరే చిక్కు

ఆపరేషన్‌లో వేసుకునే గౌన్లను అద్దెకిచ్చి, వాడాక ఉతికి మళ్లీ తెచ్చే సర్వీసు వాళ్లు ఇది 75 ఉతుకుల గౌను అన్నారు. మొదట్లో నలభై కాకముందే కఫ్ పోయేది. హన్మకొండలో రెండు టేబుళ్లున్న ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) రెండేళ్లకు పైగా వాడాక, ఈ సర్వీసు మీద నాకున్న కోపమంతా మణికట్టు దగ్గరి ఆ మూడంగుళాల అల్లిక ముక్క మీదే. బట్టకు వంక పెట్టలేం, వ్యాను టైముకే వస్తుంది. కానీ సర్వీసు పెట్టినవాళ్లు గౌను మొత్తానికి ఒకే ఆయుష్షు రాసేశారు. అసలు తప్పు అక్కడుంది.

గౌను ముందు భాగం, చేతులు ఒత్తుగా నేసిన పాలిస్టర్, దాని మీద నీళ్లు నిలవని పూత. కఫ్ మాత్రం నూలు, ఎలాస్టిక్ దారం కలిపి అల్లింది. అది రక్తాన్ని ఆపదు. గ్లౌజు దాన్ని పూర్తిగా కప్పి ఉన్నంతసేపు ఆపాల్సిన అవసరమూ లేదు.

కొత్త కఫ్‌ను బల్ల మీద పరిస్తే అడ్డంగా ఏడు సెంటీమీటర్లు. లాగి వదిలితే టక్కున వెనక్కి వస్తుంది. 35, 40 ఉతుకులయ్యాక అదే కఫ్ తొమ్మిదిన్నర దాకా వస్తుంది, అంచు వంకరలు పోతుంది. ఆ గౌనుతో డాక్టరు గారు చెయ్యి చాపి రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పనిముట్టు) పట్టుకుంటే చేతిగుడ్డ, అంటే గౌను చేతి భాగం, మోచేతి వైపు జారుతుంది, కఫ్ గ్లౌజు కిందనుంచి బయటికొస్తుంది. గ్లౌజు అంచుకూ చేతిగుడ్డకూ మధ్య వేలెడంత తెల్ల పట్టీ. సిజేరియన్‌లో ఉమ్మనీరు దాని మీద పడిందా, దీపం ఒత్తి నూనె పీల్చినట్టు పీల్చుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక విప్పి చూస్తే చేతిగుడ్డ లోపల పొడిగానే ఉంటుంది. మణికట్టు చుట్టూ మాత్రం ఎర్ర గాజు తొడిగినట్టు గుర్తు.

గ్లౌజు పైకి లాక్కుంటే సరిపోతుందని చాలామంది అంటారు. సరిపోదు. సాగిన కఫ్ లోపల మడతపడి గ్లౌజును మళ్లీ కిందికే తోస్తుంది. మధ్యలో గ్లౌజు మార్చాల్సి వస్తే ఇంకో చిక్కు: చెయ్యి దాటిన కఫ్‌ను స్టెరైల్ అని లెక్కపెట్టకూడదు కాబట్టి దాన్ని వేళ్ల మీదికి లాక్కుని తొడుక్కోవడానికి లేదు, స్క్రబ్ సిస్టర్ (పనిముట్లు అందించే నర్సు) పట్టి తొడగాలి.

ఎందుకింత తొందరగా పోతోందో తెలియడానికి చాలా రోజులు పట్టింది. సగం కారణం డ్రయ్యర్. పాలిస్టర్ చప్పున ఆరిపోతుంది, నూలున్న కఫ్ ఇంకా తడిగానే ఉంటుంది. తడి కఫ్‌తో ప్యాక్ కట్టకూడదని ఆరబెట్టే టైము పెంచుతారు. ఆ పైన క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల ఆవిరి. మిగతా సగం బ్లీచ్. ఆపరేషన్‌కు ముందు స్క్రబ్ చేసుకున్న చేతుల మీది క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారిణి గౌనులో అన్నిటికన్నా కఫ్‌కే ఎక్కువ అంటుతుంది. దానికి క్లోరిన్ బ్లీచ్ తగిలితే గోధుమరంగు మరక కూర్చుంటుంది, ఇక పోదు. లాండ్రీలో అది పాత రక్తమనుకుని మళ్లీ బ్లీచ్ పోసేవారు. మరక కదలదు, ఎలాస్టిక్ దారం మాత్రం చచ్చిపోతుంది. ఈ సంగతి చెప్పాక హైడ్రోజన్ పెరాక్సైడ్ రకానికి మారారు. ఇప్పుడు కఫ్ యాభై ఉతుకుల దాకా నిలుస్తోంది. అయినా 75 ఎక్కడ, 50 ఎక్కడ?

ప్రతి గౌను అంచు లోపల బార్‌కోడ్ బిళ్ల ఉంది, ఉతికిన ప్రతిసారీ స్కాన్ అవుతుంది. అదే లెక్కలో కఫ్‌కు ఇంకో గడి పెట్టి, 35 దగ్గర విప్పి కొత్తది వేయాలి. పాత కుట్టు ఊడదీసి అదే గీత మీద కుట్టాలి. పక్కన కొత్త గీత వేస్తే చేతిగుడ్డలో సూది రంధ్రాలు మిగిలి, నీళ్లు అక్కడినుంచి దిగుతాయి. సిరిసిల్లలో పాలిస్టర్ నేత ఉంది, వరంగల్‌లో కుట్టుపని బాగా వచ్చినవాళ్లు ఉన్నారు. ఈ పని కోసం గౌన్లు హైదరాబాద్ దాకా వెళ్లి రావాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

మొదటి ఆరు నెలల్లో, నీటి చుక్క ముత్యంలా జారిపోతుందని పక్క నర్సింగ్ హోముల వాళ్లకు నేనే చెప్పాను. ఇప్పుడైతే ఒక మాట కలిపి చెప్తాను. బోరు నీళ్లు ఉప్పుగా ఉండి చివరి జాడింపు తగ్గితే సబ్బు బట్టలోనే మిగిలి, చుక్క జారకుండా పరుచుకుంటుంది. సువాసన కోసం సాఫ్ట్‌నర్ వేస్తే ఇంకా పాడు. కట్ట వచ్చినప్పుడల్లా రెండు గౌన్లు తీసి ముంజేతి దగ్గర చెంచాడు నీళ్లు పోసి చూడండి. పరుచుకుంటే వెనక్కి పంపండి. చాలాసార్లు బట్ట చెడిపోయి ఉండదు, ఇంకోసారి జాడించి వేడిగా ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. పరీక్షకు వాడిన ఆ రెండింటినీ ఉతుకుకే వేయాలి, ప్యాక్‌లో పెట్టొద్దు.

స్టాకు సంగతి: రోజుకు 24 గౌన్లు కావాలంటే నాలుగింతలు, అంటే 96 తిరుగుతూ ఉండాలి. మేడారం జాతర వారంలో ములుగు రోడ్డు నిండిపోతుంది. ఆ వారానికి ఇంకో రోజు సరుకు ముందే తెప్పించుకోవాలి.

సర్వీసు మానేయమని చెప్పను. మా దగ్గర ఎక్కువగా సిజేరియన్లు, హెర్నియాలు, గంటలో అయిపోతాయి. ఆర్థ్రోస్కోపీ (కీలులోకి గొట్టం పెట్టి చేసేది), టీయూఆర్పీ (మూత్రమార్గం గుండా ప్రోస్టేట్ గ్రంథికి చేసేది) లాంటి నీళ్లు పారే కేసులకు మాత్రం ఇప్పటికీ డిస్పోజబుల్ గౌనే తీస్తున్నాం. అలాంటి కేసులే ఎక్కువున్న ఓటీ అయితే మా లెక్క పనికిరాదు. మేము ఇంకో ఏడాదికి పొడిగిస్తున్నాం, కఫ్ మార్పిడి కాగితం మీద రాసిస్తేనే.