డొమినికా డాల్ఫిన్ ట్రిప్: పడవోళ్లకి 5 స్టార్లు, ట్రావెల్స్‌కి 2
అమీర్‌పేట్‌ల ఒక ట్రావెల్స్ దగ్గర కరేబియన్ ప్యాకేజీ తీసుకున్నం, డాల్ఫిన్స్ గ్యారంటీ అన్నరు, తీరా చూస్తే కొలనుల పెట్టి ఆడించే షో అంట! మన దేశంలనే 2013ల అట్లాంటివి వద్దన్నరు, గంత దూరం పోయి అదేం చూస్తం అని లొల్లి పెట్టి అక్కడనే ఉన్న డొమినికా అనే దీవి దేశానికి మార్పించుకున్నం (డొమినికన్ రిపబ్లిక్ వేరే, బుకింగ్‌ల జర చూస్కోండి). రాజధాని రోజోల పడవ ఎక్కినం, అక్కడ ఒడ్డు దాటంగనే సముద్రం మస్తు లోతు, అందుకే ఎక్కువ దూరం పోకముందే స్పిన్నర్ డాల్ఫిన్ల గుంపు కనబడ్డది, ఎగిరి గాల్ల బొంగరం లెక్క తిరుగుతుంటే మా చిన్నోడు ఒకటే అరుపులు. స్పెర్మ్ వేల్స్ (పెద్ద తిమింగలాలు) కూడా ఏడాది పొడుగునా ఉంటయ్, పడవాయన నీళ్లల్ల మైక్ దించి వాటి టిక్ టిక్ వినిపించిండు, పైసా వసూల్ అంటే అదే. మా ఆవిడకి మాత్రం వాంతులతోనే సరిపోయింది, గోలీ ముందే వేస్కోండి.