తుంటి ఎముక జబ్బు వంశంలో ఉంటే జన్యు పరీక్ష మేలా, ఎమ్మారై మేలా?

తుంటి కీలులో గుండ్రంగా ఉండే తొడ ఎముక తలకు రక్తం అందక, అది చచ్చుబడిపోవడాన్ని వైద్యులు క్లుప్తంగా ఏవీఎన్ (అవాస్క్యులర్ నెక్రోసిస్) అంటారు. ఎక్కువమందిలో దీనికి కారణం స్టెరాయిడ్ మందులో, మితిమీరిన మద్యమో, తుంటికి తగిలిన దెబ్బో అవుతుంది. తండ్రికి వచ్చిన జబ్బే చిన్న వయసులో కూతురికీ వస్తే మాత్రం జన్యువులను అనుమానించక తప్పదు.

తైవాన్ కుటుంబాలపై 2005లో వెలువడిన పరిశోధన సీఓఎల్2ఏ1 అనే జన్యువులో లోపాన్ని పట్టుకుంది. మృదులాస్థికి బిగువునిచ్చే రెండో రకం కొల్లాజెన్ ఈ జన్యువు ఆధారంగానే తయారవుతుంది. మూడు పేటల జడలా పెనవేసుకునే ఆ ప్రోటీన్‌లో ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసిన్ (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటి) ఉండాలి, ఎందుకంటే జడ లోపలి ఇరుకులో ఇమిడేంత చిన్న అమైనో ఆమ్లం అదొక్కటే. కొన్ని కుటుంబాల్లో 1170వ స్థానంలో గ్లైసిన్‌కు బదులు సెరీన్ వచ్చి చేరడంతో అల్లిక కుదరకుండా పోయింది. ఇటువంటి లోపం తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం.

జన్యు పరీక్షను ఒక్కసారి చేయించుకుంటే చాలు. కుటుంబంలో తిరుగుతున్న లోపమేదో ముందే తెలిసి, అది తనలో లేదని తేలినవారికి ఏటేటా స్కానింగుల బెంగ తీరిపోతుంది. ఈ ఊరట ఎమ్మారై ఇవ్వలేనిది. అయితే జబ్బుపడిన మనిషిని వదిలేసి ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంతో మొదలుపెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వెతకవలసింది ఏదో తెలియనప్పుడు "ఏమీ లేదు" అన్న ఫలితానికి పెద్దగా విలువ ఉండదు. పైగా లోపం ఉందని తేలినా, జబ్బు ఎప్పుడు మొదలవుతుందో ఆ కాగితం చెప్పదు.

ఎమ్మారై చూపేది ఈనాటి ఎముకను. ఎక్స్‌రేలో తొడ ఎముక తల నున్నగా, గుండ్రంగా కనిపిస్తున్న దశలోనే చచ్చుబడిన భాగం చుట్టూ సన్నని గీతను అది పట్టిస్తుంది. తల కుంగకముందే తెలిస్తే, ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే శస్త్రచికిత్సతో కీలును కాపాడుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది. కుంగాక చాలామందికి కీలు మార్పిడే గతి. అందుకే గజ్జల్లో నొప్పి ఉన్నా, కాలు లోపలికి తిప్పితే పట్టేసినా జన్యు ఫలితం కోసం ఆగకుండా ముందు ఎమ్మారై తీయించాలి. ఒక్కోసారి ఈ నొప్పి మోకాలిలోనే తెలుస్తుంది కనుక, ఇటువంటి కుటుంబాల్లో పిల్లలు మోకాలు నొప్పి అన్నప్పుడు తుంటిని కూడా చూపించాలి.